లినక్స్‌లో పెన్‌డ్రైవ్ కనిపించనప్పుడు: లోపం ఎక్కడుందో కనుక్కొని సరిచేసే విధానం

లినక్స్ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ తగిలించినా ఫైల్ మేనేజర్‌లో ఏమీ కనిపించకపోతే, చాలామంది వెంటనే పెన్‌డ్రైవ్ పాడైందని తేల్చేస్తారు, లేదా ఎక్కడో చదివిన ఆజ్ఞలను ఒకదాని తర్వాత ఒకటి టెర్మినల్‌లో అతికిస్తారు. రెండూ నష్టం చేసే పనులే. మొదటిదానివల్ల బాగున్న డ్రైవ్ చెత్తబుట్టలో పడుతుంది, రెండోదానివల్ల తిరిగి పొందగలిగే డేటా చేజేతులా చెరిగిపోతుంది. నిజానికి ‘డ్రైవ్ కనిపించడం లేదు’ అనే ఒక్క మాట వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని లోపాలు ఎన్నో ఉంటాయి. డ్రైవ్‌కు విద్యుత్తు అందకపోయినా, కెర్నల్‌కు (లినక్స్ మూలభాగానికి) డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, దొరకకపోయినా, ఫైల్‌సిస్టమ్ (డ్రైవ్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) దెబ్బతిన్నా, డెస్క్‌టాప్ దానంతటది మౌంట్ చేయకపోయినా (వాడుకకు తెరవకపోయినా) తెర మీద కనిపించే ఫలితం ఒకటే. అందువల్ల ఈ మార్గదర్శిలో ముందుగా లోపం ఏ దశలో ఉందో తేల్చుకొని, ఆ తర్వాతే ఆ దశకు తగిన మరమ్మతు చేసే పద్ధతిని వివరిస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు

ఆజ్ఞల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో, పలికే తీరులోనే ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి. ఉదాహరణకు ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని రాసిన చోట ఆ అయిదు అక్షరాలనూ ఖాళీ లేకుండా వరుసగా కొట్టాలి. ఎంపికల ముందున్న అడ్డుగీతను, దాని ముందున్న ఖాళీని వదిలేయకూడదు. ‘సుడో’ అని మొదలయ్యే ఆజ్ఞలకు నిర్వాహకుడి అనుమతి అవసరం కాబట్టి మీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఒక్క నియమాన్ని మాత్రం చివరిదాకా పాటించండి. డ్రైవ్‌లో మీకు అవసరమైన ఫైళ్లు ఉన్నట్లయితే, లోపం ఏమిటో స్పష్టంగా తెలిసేవరకు దాని మీద ఏమీ రాయవద్దు. ఫార్మాట్ చేయవద్దు, విభజన పట్టికను (డ్రైవ్‌ను ఏయే భాగాలుగా విడదీశారో తెలిపే జాబితాను) మార్చవద్దు, ఎఫ్ఎస్‌సీకే వంటి మరమ్మతు పనిముట్లను రాసే విధానంలో నడపవద్దు. కింద చెప్పే పరిశీలన ఆజ్ఞలు చదవడం తప్ప మరేమీ చేయవు. రాసే ఆజ్ఞ ఎక్కడ వచ్చినా ఆ సంగతి అక్కడే చెబుతాను.

డ్రైవ్ తగిలించినప్పుడు లోపల జరిగేది

పోర్టులో డ్రైవ్ పెట్టగానే ముందుగా దానికి విద్యుత్తు అందుతుంది. యూఎస్‌బీ కంట్రోలర్ ఆ సంగతిని కెర్నల్‌కు తెలుపుతుంది. కెర్నల్ ఆ పరికరానికి ఒక చిరునామా కేటాయించి, ‘నీవెవరు’ అని అడిగి, దాని తయారీదారు సంఖ్యను, ఉత్పత్తి సంఖ్యను చదువుతుంది. అది నిల్వ పరికరమని తేలితే ‘యూఎస్‌బీ-స్టోరేజ్’ లేదా ‘యూఏఎస్’ అనే డ్రైవర్ దాని బాధ్యత తీసుకుంటుంది. అప్పుడు ‘/డెవ్/ఎస్‌డీబీ’ వంటి డిస్క్ పేరు పుడుతుంది. ఆ డిస్క్ మొదటి సెక్టార్లను చదివి విభజనలను గుర్తించాక ‘/డెవ్/ఎస్‌డీబీ1’ వంటి పేర్లు వస్తాయి. యూడెవ్ అనే సేవ ప్రతి విభజనలో ఏ ఫైల్‌సిస్టమ్ ఉందో కనిపెట్టి నమోదు చేస్తుంది. చివరగా యూడిస్క్స్ అనే సేవ, డెస్క్‌టాప్ కోరినప్పుడు, ఆ విభజనను మౌంట్ చేస్తుంది. ఫైల్ మేనేజర్‌లో బొమ్మ కనిపించేది ఇదంతా సజావుగా జరిగాకే.

ఈ వరుసలో ప్రతి దశా తన ముందున్న దశ పూర్తయితేనే మొదలవుతుంది. కెర్నల్ చిరునామానే ఇవ్వలేకపోయిన పరికరానికి ఫైల్‌సిస్టమ్ మరమ్మతు చేయబూనడం వృథా. డిస్క్ పేరు చక్కగా వచ్చిన చోట కేబుల్ మార్చి చూడడమూ చాలావరకు వృథాయే.

మొదటి అడుగు: లాగ్‌ను తెరిచి ఉంచి డ్రైవ్ పెట్టడం

మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన అడుగు ఇది. తొందరలో దీన్ని దాటవేసేవారే ఎక్కువ కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను. డ్రైవ్‌ను తీసేసి, టెర్మినల్ తెరిచి, ‘సుడో డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ’ అని కొట్టండి. కెర్నల్ ఇప్పటివరకు నమోదు చేసిన సందేశాలన్నీ వచ్చి, కర్సర్ కిందనే ఎదురుచూస్తూ నిలబడుతుంది. కొన్నిసార్లు ఎంటర్ మీట నొక్కి కొన్ని ఖాళీ వరుసలు వదిలితే, తర్వాత వచ్చేవి కొత్త సందేశాలని పోల్చుకోవడం తేలిక. ఇప్పుడు డ్రైవ్ పెట్టి, ఒక అర నిమిషం పాటు ఏమి వస్తుందో చూడండి. ఈ ఆజ్ఞ మీ దగ్గర పనిచేయకపోతే ‘సుడో జర్నల్‌సీటీఎల్ -కే -ఎఫ్’ కూడా అవే సందేశాలను చూపిస్తుంది.

అంతా సవ్యంగా ఉన్న డ్రైవ్ విషయంలో సందేశాలు ఇలా సాగుతాయి. ముందుగా కొత్త హై-స్పీడ్ లేదా సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ పరికరం వచ్చిందని, దానికి ఫలానా సంఖ్య ఇచ్చామని ఒక వరుస వస్తుంది. హై-స్పీడ్ అంటే సెకనుకు 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0, సూపర్‌స్పీడ్ అంటే 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3.0. తర్వాత తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, పేరు, సీరియల్ నంబరు వస్తాయి. ఆపైన యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్ పరికరాన్ని గుర్తించిందన్న మాట, ఒకటి రెండు సెకన్ల తర్వాత డిస్క్‌లో ఎన్ని బ్లాకులున్నాయో తెలిపే వరుస, దానితోపాటు గిగాబైట్లలో పరిమాణం, చివరగా ‘ఎస్‌డీబీ: ఎస్‌డీబీ1’ వంటి విభజనల వరుస కనిపిస్తాయి. మధ్యలో క్యాషింగ్ మోడ్ పేజీ దొరకలేదని, రైట్-త్రూ అని భావిస్తున్నామని రెండు వరుసలు రావచ్చు. ఎరుపు రంగులో కనిపించినా వాటివల్ల హాని ఏమీ లేదు, చాలా పెన్‌డ్రైవ్‌లకు అవి మామూలే.

మీ డ్రైవ్ విషయంలో ఈ వరుస ఎక్కడ ఆగిపోయిందో గుర్తుపెట్టుకోండి. కింది విభాగాలన్నీ ఆ ఆగిన చోటును బట్టి రాసినవే, కనుక మీకు సంబంధించిన దానికి నేరుగా వెళ్లవచ్చు.

ఒక్క వరుస కూడా రాకపోతే

లాగ్‌లో ఏ కదలికా లేదంటే పోర్టుకు పరికరం ఉన్నట్టే తెలియలేదన్నమాట. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ను అనుమానించడానికి ముందు భౌతికమైన కారణాలను తోసిపుచ్చాలి. అదే డ్రైవ్‌ను వేరే పోర్టులో పెట్టండి, అదే పోర్టులో పనిచేసే మౌస్‌నో కీబోర్డునో పెట్టండి. ఈ రెండు పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే లోపం పోర్టులో ఉందా, డ్రైవ్‌లో ఉందా అన్నది దాదాపుగా తేలిపోతుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే వెనుక వైపు పోర్టులనే నమ్మండి. అవి నేరుగా మదర్‌బోర్డుకు అతికి ఉంటాయి, ముందు వైపువి లోపలి తీగ ద్వారా వస్తాయి. హబ్, పొడిగింపు తీగ వంటివి ఉంటే తీసేయండి. బయటి హార్డ్‌డిస్క్ అయితే కేబుల్‌ను తప్పకుండా మార్చి చూడండి, ఎందుకంటే ఛార్జింగ్ కోసం మాత్రమే తయారైన కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. దీపం వెలిగినా కంప్యూటర్‌కు ఏమీ తెలియకపోవడానికి ఇది తరచుగా కనిపించే కారణం.

ఏ పోర్టులోనూ ఏ పరికరమూ పనిచేయకపోతే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టండి. పరికరమేదీ తగిలించకపోయినా అందులో లినక్స్ ఫౌండేషన్ పేరుతో, 1డీ6బీ అనే తయారీదారు సంఖ్యతో రూట్ హబ్‌లు కనిపించాలి. అవి కూడా లేవంటే కంట్రోలరే కెర్నల్‌కు అందుబాటులో లేదు. బయాస్ లేదా యూఈఎఫ్ఐ అమరికల్లో యూఎస్‌బీ పోర్టులను ఎవరైనా నిలిపివేశారేమో చూడండి. పాత మదర్‌బోర్డులలో ఎక్స్‌హెచ్‌సీఐ (యూఎస్‌బీ 3.0 కంట్రోలర్ ప్రమాణం) హ్యాండాఫ్ అనే అమరిక ఉంటే దాన్ని ప్రారంభించి ఉంచండి. లాగ్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్ స్పందించడం లేదు, చనిపోయిందని భావిస్తున్నాం అనే అర్థం వచ్చే వరుస ఉంటే, చెడ్డ పరికరమో విద్యుత్ ఒడిదుడుకులో కంట్రోలర్‌ను స్తంభింపజేశాయని అర్థం. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి, కొద్దిసేపు ఆగి తిరిగి పెట్టడం దీనికి తగిన చికిత్స. కేవలం రీస్టార్ట్ చేస్తే పోర్టులకు విద్యుత్తు నిలిచిపోకపోవచ్చు.

వర్చువల్ మెషీన్ లోపల పనిచేస్తున్నవారికి ఒక మాట. పరికరం ముందుగా బయటి కంప్యూటర్‌కు (హోస్ట్‌కు) దక్కుతుంది కాబట్టి, దాన్ని లోపలి వ్యవస్థకు అప్పగించేంతవరకు లోపలి లాగ్‌లో ఏమీ రాదు. వర్చువల్‌బాక్స్ అయితే లినక్స్ హోస్ట్ మీద మీ ఖాతా ‘వీబాక్స్‌యూజర్స్’ గుంపులో ఉండాలి, చేర్చిన తర్వాత లాగౌట్ అయి మళ్లీ రావాలి. దీనికి విరుద్ధమైనదీ జరుగుతుంది: వెనుక నడుస్తున్న వర్చువల్ మెషీన్ డ్రైవ్‌ను తన వశం చేసుకుంటే అది హోస్ట్‌లో మాయమైపోతుంది.

వరుసలు వచ్చి, లోపాలతో ఆగిపోతే

కొత్త పరికరం వచ్చిందన్న వరుస తర్వాత ‘డివైస్ డిస్క్రిప్టర్ రీడ్’ అంటూ ఒక రుణ సంఖ్య పదేపదే వచ్చి, చివరికి పరికరాన్ని నమోదు చేయలేకపోయామని కెర్నల్ చేతులెత్తేస్తే, ఆ సంఖ్యే మీకు ఆధారం. -71 అంటే ప్రోటోకాల్ లోపం, అంటే మాటలు వెళ్తున్నాయి గాని చెదిరిపోతున్నాయి. -110 అంటే గడువు ముగిసింది, అడిగినదానికి జవాబే రాలేదు. -32 అంటే పరికరం ఆ కోరికను తిరస్కరించింది. ఈ మూడింటిలో మొదటి రెండు తీగల నాణ్యతకు, వదులైన కనెక్టర్‌కు, చాలని విద్యుత్తుకు సంబంధించినవి అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

విద్యుత్తు విషయం విడిగా చెప్పుకోదగినది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక పరికరానికి 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇవ్వడానికి కట్టుబడి ఉంటాయి. పెన్‌డ్రైవ్‌కు ఇది ధారాళంగా సరిపోతుంది. తిరిగే పళ్లెం ఉన్న బయటి హార్డ్‌డిస్క్ మాత్రం మొదలయ్యే క్షణంలో ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. సొంత ప్లగ్ లేని హబ్‌కు అలాంటి డిస్క్‌ను తగిలిస్తే, అది టిక్ టిక్ మని చప్పుడు చేస్తూ పదే పదే మొదలై ఆగిపోతుంటుంది, లాగ్‌లో కనెక్ట్, డిస్‌కనెక్ట్ వరుసలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సొంత విద్యుత్తు ఉన్న హబ్ వాడడం లేదా నేరుగా వెనుక పోర్టుకు తగిలించడం దీనికి పరిష్కారం. ఓవర్-కరెంట్ అనే మాట లాగ్‌లో వస్తే మాత్రం ఆ డ్రైవ్‌ను వెంటనే తీసేయండి. పోర్టు లోపలి పిన్నులు వంగి ఒకదానికొకటి తగులుతున్నాయేమో వెలుతురులో చూడండి. పరికరంలో షార్ట్ ఉన్నప్పుడు దాన్ని పోర్టు మార్చి మార్చి పెట్టడం మంచిది కాదు.

డ్రైవ్ మొదట పనిచేసి, కొంతసేపు ఊరకే ఉంచాక మాయమైపోతే విద్యుత్తు పొదుపు అమరికలను అనుమానించండి. పవర్‌టాప్, టీఎల్‌పీ వంటి సాధనాలు యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చగలవు, కొన్ని డ్రైవ్‌లు ఆ నిద్ర నుంచి సరిగ్గా లేవవు. బూట్ సమయంలో కెర్నల్‌కు ‘యూఎస్‌బీకోర్.ఆటోసస్పెండ్=-1’ అనే పరామితి ఇచ్చి చూడండి. సమస్య పోతే కారణం దొరికినట్టే. ఆ తర్వాత ఆ పరామితిని శాశ్వతంగా ఉంచే బదులు, పొదుపు సాధనపు అమరికల్లో ఆ ఒక్క పరికరానికి మినహాయింపు ఇవ్వడం మేలు.

పరికరం కనిపిస్తుంది, డిస్క్ పేరు రాదు

‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ జాబితాలో డ్రైవ్ పేరు ఉండి, ఎస్‌డీబీ వంటి పేరు పుట్టకపోతే లోపం డ్రైవర్ దశలో ఉంది. ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ’ కొట్టండి. చెట్టు ఆకారంలో వచ్చే ఆ జాబితాలో ప్రతి పరికరం పక్కన దాన్ని నడిపే డ్రైవర్ పేరు, వేగం ఉంటాయి. మీ డ్రైవ్ పక్కన డ్రైవర్ స్థానం ఖాళీగా ఉంటే ‘సుడో మాడ్‌ప్రోబ్ యూఎస్‌బీ-స్టోరేజ్’ అని కొట్టి, అది ఏమి జవాబిస్తుందో చూడండి.

మాడ్యూల్ (కెర్నల్ అవసరమైనప్పుడు ఎక్కించుకునే డ్రైవర్ భాగం) దొరకలేదని జవాబు వస్తే, ఎక్కువ సందర్భాల్లో కారణం ఒకటే: సిస్టమ్ అప్‌డేట్‌లో కెర్నల్ మారింది, కంప్యూటర్‌ను ఇంకా రీస్టార్ట్ చేయలేదు. ఆర్చ్ లినక్స్ వంటి పంపిణీలు కొత్త కెర్నల్‌ను స్థాపించేటప్పుడు పాత కెర్నల్ మాడ్యూళ్లను తొలగిస్తాయి. అప్పటికి నడుస్తున్న పాత కెర్నల్‌కు అంతకుముందే మెమరీలోకి ఎక్కని మాడ్యూళ్లేవీ ఇక దొరకవు. నిన్నటిదాకా పనిచేసిన డ్రైవ్ ఈరోజు హఠాత్తుగా కనిపించకపోవడానికి ఈ కారణం ఎంతోమందికి తట్టదు, ఎందుకంటే మౌస్, కీబోర్డు మామూలుగానే పనిచేస్తుంటాయి. ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే చాలు.

ఆజ్ఞ ఏ జవాబూ లేకుండా ముగిసి, డ్రైవర్ మాత్రం ఎక్కకపోతే, ఎవరో కావాలనే దాన్ని నిలిపివేసి ఉండవచ్చు. ‘/ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ’ ఫోల్డర్‌లోని ఫైళ్లలో యూఎస్‌బీ-స్టోరేజ్ పేరు ఎక్కడైనా ఉందేమో ‘గ్రెప్’ అనే వెదికే ఆజ్ఞతో చూడండి. భద్రత కోసం కార్యాలయ కంప్యూటర్లలో ఈ మాడ్యూల్‌ను అడ్డుకునే వరుసలు చేర్చడం మామూలే. అదే ఉద్దేశంతో యూఎస్‌బీగార్డ్ అనే సేవ నడుస్తుంటే ‘సుడో యూఎస్‌బీగార్డ్ లిస్ట్-డివైసెస్’ జాబితాలో మీ డ్రైవ్ పక్కన అడ్డుకున్నట్టు కనిపిస్తుంది. కంప్యూటర్ మీది కాకపోతే, ఈ ఏర్పాటును మీరుగా తొలగించకండి. దాన్ని పెట్టినవారి అనుమతి అడగడమే సరైన దారి.

డ్రైవర్‌గా ‘యూఏఎస్’ కనిపించి, డిస్క్ పేరు వచ్చీరాక ముందే రీసెట్ వరుసలతో, యూఏఎస్ అబార్ట్ సందేశాలతో లాగ్ నిండిపోతే, అది ఆ పరికరంలోని బ్రిడ్జ్ చిప్ లోపం. సాటా డిస్క్‌ను యూఎస్‌బీగా మార్చే చౌకరకం పెట్టెల్లో ఇది తరచు కనిపిస్తుంది. ఆ ఒక్క పరికరానికి యూఏఎస్ వాడవద్దని కెర్నల్‌కు చెప్పే వీలుంది. ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’లో ఐడీ పక్కన కోలన్‌తో విడదీసి ఉన్న రెండు సంఖ్యలను రాసుకుని, బూట్ పరామితిగా ‘యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్=’ తర్వాత ఆ రెండు సంఖ్యలను కోలన్‌తో సహా, ఆపైన మరో కోలన్, ‘యూ’ అనే అక్షరం చేర్చి ఇవ్వండి. వేగం కొంత తగ్గుతుంది గాని డిస్క్ నిలకడగా పనిచేస్తుంది.

డిస్క్ పేరు వచ్చింది, ఫైళ్లు లేవు

ఇక్కడిదాకా వచ్చారంటే మోసుకొచ్చే మార్గమంతా బాగున్నట్టే, చూడవలసింది డిస్క్ మీద ఉన్న రాతను. ‘ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్’ కొట్టండి. డిస్కులు, వాటి విభజనలు, ప్రతి విభజనలోని ఫైల్‌సిస్టమ్ రకం, లేబుల్, మౌంట్ అయిన చోటు వస్తాయి. ఉబుంటులో లూప్ పేరుతో వచ్చే చాలా వరుసలు స్నాప్ ప్యాకేజీలవి, వాటిని పట్టించుకోనక్కర్లేదు. పరిమాణం కూడా కావాలంటే ఎంపిక లేకుండా ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ మాత్రమే కొట్టండి.

పరిమాణం సున్నా అని కనిపిస్తే, లేదా డిస్క్‌ను తెరవబోతే మీడియం లేదని జవాబు వస్తే, పెన్‌డ్రైవ్‌లోని కంట్రోలర్ చిప్ తన వెనుక ఉన్న ఫ్లాష్ మెమరీని చేరుకోలేకపోతోందని అర్థం. ఏ ఫార్మాట్ ఆజ్ఞా దీన్ని బాగుచేయదు. డేటా అమూల్యమైతే చిప్‌ను విడదీసి చదవగల రికవరీ నిపుణులే దిక్కు. అయితే తొందరపడి నిర్ధారణకు రాకండి, ఖాళీగా ఉన్న కార్డ్ రీడర్ గాడులు కూడా ఇలాగే సున్నా పరిమాణంతో కనిపిస్తాయి. డ్రైవ్‌ను తీసి పెట్టి, ఏ పేరు పోయి వస్తోందో చూసి నిర్ధారించుకోండి.

పరిమాణం సరిగ్గా ఉండి, ఫైల్‌సిస్టమ్ రకం ఐఎస్ఓ9660 అని వస్తే కంగారు పడనక్కర్లేదు. ఎప్పుడో ఆ డ్రైవ్ మీద లినక్స్ ఇన్‌స్టాలేషన్ ఇమేజ్ రాశారన్నమాట, డ్రైవ్ ఆరోగ్యంగానే ఉంది. బిట్‌లాకర్ అనో, క్రిప్టో లక్స్ అనో వస్తే అది తాళం వేసిన డ్రైవ్. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లు వీటికి పాస్‌వర్డ్ అడుగుతాయి. టెర్మినల్‌లో లక్స్ డ్రైవ్‌లను తెరిచే సాధనం క్రిప్ట్‌సెటప్. 2020లో వచ్చిన దాని 2.3 వెర్షన్ నుంచి బిట్‌లాకర్‌ను కూడా దానితోనే తెరవవచ్చు.

ఎక్స్‌ఫ్యాట్ రకం చూపించి, ఆ ఫైల్‌సిస్టమ్ తెలియదని మౌంట్ నిరాకరిస్తే మీ కెర్నల్ పాతదై ఉండాలి. మైక్రోసాఫ్ట్ 2019లో ఎక్స్‌ఫ్యాట్ నిర్దేశాలను బహిరంగపరిచాక, 2020లో వచ్చిన కెర్నల్ 5.7 నుంచి పూర్తి స్థాయి డ్రైవర్ లినక్స్‌లోనే ఉంది. అంతకు పాత వ్యవస్థల్లో ‘ఎక్స్‌ఫ్యాట్-ఫ్యూజ్’ ప్యాకేజీ స్థాపించాలి. తనిఖీ, ఫార్మాట్ పనులకు కొత్త వ్యవస్థల్లోనూ ‘ఎక్స్‌ఫ్యాట్‌ప్రోగ్స్’ అవసరం.

ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌ల చిక్కు వేరు. విండోస్‌లో సరిగ్గా తీయకుండా లాగేసిన డ్రైవ్ మీద ‘డర్టీ’ అనే గుర్తు మిగిలిపోతుంది. 2021లో కెర్నల్ 5.15తో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్3 డ్రైవర్ ఆ గుర్తున్న విభజనను మౌంట్ చేయడానికి ఒప్పుకోదు. ఈ కట్టుబాటు మీ డేటా మేలుకోరే పెట్టింది. దగ్గరలో విండోస్ కంప్యూటర్ ఉంటే అక్కడ చెక్‌డిస్క్ నడిపి, సురక్షితంగా తీసి తీసుకురావడం అన్నిటికన్నా మంచిది. ‘ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్’ పేరులో మరమ్మతు ఉన్నా, అది కొన్ని చిన్న లోపాలను సరిదిద్ది, విండోస్ తనిఖీకి సిద్ధం చేస్తుందే తప్ప ఆ తనిఖీకి ప్రత్యామ్నాయం కాదు. ఇది కూడా రాసే ఆజ్ఞే.

ఇక ఫైల్‌సిస్టమ్ గడి పూర్తిగా ఖాళీగా ఉంటే విభజన పట్టికో, ఫైల్‌సిస్టమ్ మొదటి భాగమో చెరిగిపోయింది. డేటా కావాలనుకుంటే ఇక్కడ ఆగి, కాపీ గురించి కింద చెప్పిన విభాగానికి వెళ్లండి.

అంతా ఉంది, డెస్క్‌టాప్ మాత్రం చూపించదు

విభజన, ఫైల్‌సిస్టమ్ రెండూ సరిగ్గా కనిపించి, మౌంట్ చోటు మాత్రం ఖాళీగా ఉంటే ‘యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్ -బీ /డెవ్/ఎస్‌డీబీ1’ కొట్టండి, ఎస్‌డీబీ1 స్థానంలో మీ డ్రైవ్ పేరు ఉండాలి. దీనికి సుడో అక్కర్లేదు, ఫైళ్లు మీ ఖాతా పేరు మీదే తెరుచుకుంటాయి. ఫ్యాట్ డ్రైవ్‌ను ‘సుడో మౌంట్’తో మౌంట్ చేస్తే ఫైళ్లన్నీ రూట్ (నిర్వాహక ఖాతా) సొత్తుగా మారి, మీరు రాయలేకపోతారు. అందుకే మొదటి పద్ధతిని ఎంచుకోమంటున్నాను.

ఈ ఆజ్ఞ పనిచేస్తే డ్రైవ్‌లో లోపం లేదు, స్వయంచాలకంగా మౌంట్ చేసే ఏర్పాటే నిద్రపోతోంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ‘థునార్-వోల్‌మ్యాన్’, ‘జీవీఎఫ్ఎస్’ ప్యాకేజీలు రెండూ ఉండాలి. తేలికైన విండో మేనేజర్లలో ఈ పని చేసేవారే ఉండరు కాబట్టి ‘యూడిస్కీ’ వంటి చిన్న సాధనాన్ని లాగిన్‌తోపాటు మొదలయ్యేలా పెట్టుకోవాలి. ఆజ్ఞకు అనుమతి లేదన్న జవాబు వస్తే ‘/ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్’ చూడండి. ఒకప్పుడు ఆ డ్రైవ్ కోసం చేర్చి మరచిపోయిన వరుస ఉంటే, యూడిస్క్స్ ఆ వరుసకే లోబడి, సాధారణ ఖాతాకు మౌంట్ హక్కు నిరాకరిస్తుంది. ఆ వరుస ముందు ‘#’ గుర్తు పెట్టి నిలిపివేయండి.

చదవనిస్తుంది, రాయనివ్వదు

మౌంట్ అయ్యాక కొత్త ఫైలు పెట్టబోతే కేవలం చదవడానికి మాత్రమే అని వస్తే, లాగ్‌లో ‘రైట్ ప్రొటెక్ట్’ వరుసను చూడండి. అది ఆన్ అని ఉంటే డ్రైవ్ పక్కనున్న చిన్న మీటను పరిశీలించండి. మీటే లేని డ్రైవ్ ఇలా చెబితే, దాని ఫ్లాష్ మెమరీ అరిగిపోయి కంట్రోలర్ చివరి జాగ్రత్తగా రాతను ఆపేసి ఉండవచ్చు. ఫైళ్లను కాపీ చేసుకుని ఆ డ్రైవ్‌కు విశ్రాంతి ఇవ్వండి. ఆఫ్ అని ఉండి కూడా రాయలేకపోతే, ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్‌లో లోపం తగిలి కెర్నల్ దాన్ని చదివే విధానంలోకి మార్చింది. సరిగ్గా అన్‌మౌంట్ చేయలేదని, తనిఖీ నడపమని కోరే వరుస కూడా తరచుగా లాగ్‌లోనే ఉంటుంది. డేటా కాపీ చేసుకున్నాక డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి, ముందు ‘సుడో ఎఫ్ఎస్‌సీకే.వీఫ్యాట్ -ఎన్ /డెవ్/ఎస్‌డీబీ1’తో లోపాల జాబితా మాత్రమే తెప్పించుకోండి. అది చదివి సంతృప్తి చెందాకే ‘-ఎన్’ స్థానంలో ‘-ఏ’ పెట్టి మరమ్మతు చేయండి. ఈ రెండోది రాసే ఆజ్ఞ.

డేటా ముఖ్యమైతే: ముందు కాపీ, తర్వాతే మరమ్మతు

లాగ్‌లో ఐ/ఓ ఎర్రర్ అనే వరుసలు సెక్టార్ సంఖ్యలతో సహా వస్తుంటే డ్రైవ్ క్షీణిస్తోంది. చదివే ప్రతిసారీ అది ఇంకొంచెం క్షీణించవచ్చు కాబట్టి ఫైళ్లను ఒక్కొక్కటిగా లాగడం కన్నా మొత్తం డ్రైవ్‌ను ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకోవాలి. ఈ పనికి గ్నూ డీడీరెస్క్యూకు సాటి వచ్చే సాధనం నాకు తెలియదు. డెబియన్, ఉబుంటులలో దాని ప్యాకేజీ పేరు ‘జీడీడీరెస్క్యూ’. తగినంత ఖాళీ ఉన్న వేరే డిస్క్‌లోకి వెళ్లి ‘సుడో డీడీరెస్క్యూ -ఎన్ /డెవ్/ఎస్‌డీబీ కాపీ.ఐఎంజీ కాపీ.మ్యాప్’ నడపండి. ఇది ముందుగా తేలికగా చదవగలిగే భాగాలన్నీ తీసుకుని, మొరాయించే చోట్లను మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. తర్వాత ‘-ఎన్’ బదులు ‘-డీ -ఆర్3’ పెట్టి అవే ఫైళ్ల పేర్లతో నడిపితే, మిగిలిపోయిన చోట్లకే మళ్లీ మూడుసార్లు ప్రయత్నిస్తుంది. మధ్యలో ఆగిపోయినా మ్యాప్ ఫైలు ఉన్నంతవరకు మొదటినుంచీ చేయనక్కర్లేదు.

ఆ తర్వాత చేసే ప్రయోగాలన్నీ ఇమేజ్ ఫైలు మీదే చేయండి, వీలైతే దాని మరో నకలు మీద. చెరిగిన విభజనలను వెదకడానికి టెస్ట్‌డిస్క్, ఫైల్‌సిస్టమ్ పూర్తిగా పోయినప్పుడు ఫైళ్లను వాటి రకాన్నిబట్టి వెలికితీయడానికి ఫోటోరెక్ ఉన్నాయి. ఫోటోరెక్ పాత పేర్లను, ఫోల్డర్లను తిరిగి ఇవ్వలేదు. అందువల్ల ముందు టెస్ట్‌డిస్క్‌నే ప్రయత్నించాలి.

డ్రైవ్‌ను కొత్తగా సిద్ధం చేయడం

డేటా అవసరం లేదని, లేదా క్షేమంగా బయటికి తీశామని నిశ్చయమయ్యాక ఫార్మాట్ చేయవచ్చు. ఇక్కడ జరిగే ఘోరమైన పొరపాటు పేరు తప్పు కొట్టడం. డ్రైవ్ తీసి పెట్టిన ప్రతిసారీ ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ కావచ్చు కాబట్టి, ఆజ్ఞ కొట్టే ముందు మళ్లీ ‘ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్’ నడిపి పరిమాణాన్ని, మోడల్‌ను సరిచూసుకోండి. అన్ని విభజనలనూ అన్‌మౌంట్ చేశాక ‘సుడో వైప్‌ఎఫ్ఎస్ -ఏ’ తర్వాత విభజన సంఖ్య లేని డిస్క్ పేరు ఇస్తే పాత గుర్తులు పోతాయి, మిగిలిపోయిన ఐఎస్ఓ9660 గుర్తు కూడా. అక్కడినుంచి గ్నోమ్ డిస్క్స్ లేదా జీపార్టెడ్‌లో కొత్త విభజన పట్టిక పెట్టి ఫార్మాట్ చేయడం ఆజ్ఞలతో చేయడం కన్నా క్షేమం, ఎందుకంటే డ్రైవ్ పేరు, పరిమాణం కళ్లెదుటే ఉంటాయి. అన్నిచోట్లా చదవగలగాలంటే ఎక్స్‌ఫ్యాట్ తగినది. పాత పరికరాల కోసం ఫ్యాట్32 ఎంచుకుంటే 4 గిగాబైట్లు, అంతకు మించిన ఫైళ్లు అందులో పట్టవు.

కొత్తగా కొన్న డ్రైవ్ కొంత నిండగానే ఫైళ్లు పాడవుతూ, మౌంట్ ఊడిపోతూ ఉంటే దాని పరిమాణమే అబద్ధం కావచ్చు. తక్కువ మెమరీ పెట్టి ఎక్కువ చెప్పుకునేలా కంట్రోలర్‌ను మార్చిన నకిలీ డ్రైవ్‌లు ఉన్నాయి. ‘ఎఫ్3’ ప్యాకేజీలోని ‘ఎఫ్3రైట్’ ఖాళీ అంతటినీ పరీక్ష ఫైళ్లతో నింపుతుంది, ‘ఎఫ్3రీడ్’ వాటిని తిరిగి చదివి ఎంత నిజమో చెబుతుంది. పెద్ద డ్రైవ్‌కు ఇది గంటల పని అయినా, నమ్మి ఫైళ్లు పెట్టే ముందు ఒక్కసారి చేయదగినది.

తీసేటప్పుడు

పైన చెప్పిన ఫైల్‌సిస్టమ్ లోపాల్లో చాలావాటికి మూలం తొందరగా లాగేయడమే. లినక్స్ రాయవలసినదాన్ని మెమరీలో కొంతసేపు దాచుకుంటుంది కాబట్టి కాపీ పట్టీ వంద శాతం చూపించాక కూడా రాత సాగుతుండవచ్చు. ఫైల్ మేనేజర్‌లో ఎజెక్ట్ గుర్తు నొక్కి, తీయవచ్చన్న సూచన వచ్చేదాకా వేచి ఉండండి. టెర్మినల్‌లో అయితే ‘యూడిస్క్స్‌సీటీఎల్ అన్‌మౌంట్ -బీ /డెవ్/ఎస్‌డీబీ1’, ఆ తర్వాత ‘యూడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ -బీ /డెవ్/ఎస్‌డీబీ’ కొట్టండి. మొదటి ఆజ్ఞ డ్రైవ్ వాడుకలో ఉందని నిరాకరిస్తే ‘ఎల్ఎస్ఓఎఫ్’కు మౌంట్ అయిన ఫోల్డర్ పేరు ఇచ్చి ఏ ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని ఉందో కనుక్కొని, దాన్ని మూసి, మళ్లీ ప్రయత్నించండి. చాలాసార్లు ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉన్న మరో టెర్మినల్ కిటికీయే కారణమవుతుంది.